పద్మలత కార్డు మీద పసుపు

రంజిత్ మంచివాడని మా వాడకట్టులో ఎవరిని అడిగినా చెబుతారు. నేనూ అదే చెబుతాను. కాకపోతే మంచివాళ్ల తప్పులతో ఒక చిక్కుంది. వాటిని ఎవరూ అనుమానించరు. అవి మెల్లగా పక్కకు జారి నోరు లేనివాళ్ల నెత్తిన పడతాయి. రంజిత్ చేసిన తప్పు వెళ్లి శంకరవ్వ నెత్తిన పడింది. ఆమె పోగొట్టుకున్నది డబ్బు కాదు, పని కాదు, చేతికున్న మర్యాద. అది మళ్లీ ఆమెకు దక్కిందా లేదా అన్నదే ఈ కథ.

రంజిత్ వాళ్ల బాపు రాజయ్య బతుకంతా సాంచాల మధ్యనే నిలబడ్డాడు. మరమగ్గాన్ని మేము సాంచ అంటాం. ఆ చప్పుడుకు ఆయన చెవులు పోయాయి. అందుకని ఆ ఇంట్లో గుట్టు మాటలు కూడా గొంతెత్తే చెప్పుకోవాలి, వీధంతా వినాలి. కొడుకు మాత్రం సాంచ ముట్టలేదు. కరీంనగర్‌లోనే ఇంజనీరింగు చదివి, కొన్నాళ్లు హైదరాబాద్‌లో ఉద్యోగం చేసి, బాపు మోకాళ్లు పడిపోయాక తిరిగి వచ్చేశాడు. పిండి గిర్ని మీది గదిలో రెండు కంప్యూటర్లు పెట్టుకుని రైసు మిల్లులకు, బడులకు, గ్రానైటు రాళ్లు కోసే షెడ్లకు ప్రోగ్రాములు రాసిస్తుంటాడు. గిర్ని తిరిగినంతసేపూ వాడి కీబోర్డు మీద పిండి పడుతూనే ఉంటుంది. దాన్ని ఉఫ్ అని ఊదుకుంటూ కోడ్ రాసుకుంటాడు.

మా నేత కార్మికుల సంఘానికి కూడా వాడే ప్రోగ్రాం రాశాడు. సంఘం అధ్యక్షురాలు పద్మలత, కార్యదర్శి దేవదాస్. బడిపిల్లల యూనిఫాం గుడ్డ నేసే పని మా సాంచాలకు రావాలంటే ఎవరెవరి సాంచాలు నడుస్తున్నాయో రాసి ఏటా జిల్లా ఆఫీసుకు పంపాలి. ఇదివరకు కాగితం మీద ఇద్దరూ సంతకాలు పెడితే సరిపోయేది. ఇప్పుడు కాగితం చెల్లదు, కంప్యూటర్‌లోనే డిజిటల్ సంతకం చేయాలి. అందుకని ఇద్దరికీ చెరో స్మార్ట్ కార్డు ఇచ్చారు. బస్సు పాసంత కార్డు, దాని మీద చిన్న బంగారు రంగు చిప్. ఆ చిప్‌లో సర్టిఫికెట్ ఉంటుంది. గోడకు మేకు కొట్టి వేలాడదీసే సర్టిఫికెట్ కాదిది. ఈ సంతకం ఫలానా మనిషిదే అని కంప్యూటర్‌కు సాక్ష్యం చెప్పేది. కార్డును రీడర్‌లో పెట్టి, పిన్ నంబరు కొడితే సంతకం పడుతుంది. మరిచిపోకుండా ఉండాలని మావాళ్లు ఇద్దరూ ఒకే పిన్ పెట్టుకున్నారు, సంఘం పుట్టిన సంవత్సరం. అది గోడ మీద బోర్డులోనే రాసి ఉంటుంది. మా తెలివి అట్లా ఉంటుంది.

మొదట్లో రంజిత్ పద్ధతి ప్రకారమే రాశాడు. రెండు కార్డులూ పెట్టగానే తెర మీద చిన్న పెట్టె తెరుచుకుని, దొరికిన సర్టిఫికెట్లను వరుసగా చూపించి, మీది ఏదో ఎంచుకోండి అనేది. అన్నీ ఇంగ్లీషు అక్షరాలే. దేవదాస్ ఏడో తరగతి వరకు తెలుగులో చదివినవాడు. మొదటి రోజే, వెనక పదిమంది నిలబడి చూస్తుండగా, ఆయన కళ్లద్దాలు సర్దుకుని సర్దుకుని పద్మలత పేరు మీద నొక్కాడు.

"కాకా, పద్మక్క సంతకం నువ్వే పెడుతున్నవా? ఇగ ఆమె కుర్చీ గూడ నీదే!" అని ఎవరో అనేసరికి అంతా గొల్లుమన్నారు.

దేవదాస్ నవ్వలేదు. చెవుల దాకా ఎర్రబడి కుర్చీలోంచి లేచాడు. రంజిత్‌కు పాపమనిపించింది. చిన్నప్పుడు వాడి ఫీజు కోసం బడికి వెళ్లి మాట్లాడి వచ్చిన మనిషాయన.

"ఫికర్ చెయ్యకు కాకా," అన్నాడు, "ఆ పెట్టె నీకు కనవడకుండనే చేస్త."

చేశాడు. ఎడమ రీడర్‌లో పద్మలత కార్డు, కుడి రీడర్‌లో దేవదాస్ కార్డు అని కాగితం ముక్కలు అంటించాడు. కంప్యూటర్‌కు దొరికిన సర్టిఫికెట్లలో మొదటిది అధ్యక్షురాలిది, చివరిది కార్యదర్శిది అనుకొమ్మని కోడ్‌లో రాశాడు. నిజానికి కార్డులోని పేరు చదివి, ఆ మనిషేనా అని చూసుకుని ఎంచాలి. ఆ సంగతి వాడికి తెలుసు. "పేరు సరిచూడాలి, తర్వాత" అని కోడ్ పక్కనే గుర్తు కూడా రాసిపెట్టుకున్నాడు. ఆ "తర్వాత" అన్నది రాలేదు. రెండు కార్డులూ పెట్టినన్నాళ్లూ మొదటిది ఆమెదే అయింది, చివరిది ఆయనదే అయింది. నడుస్తున్న సాంచను విప్పి చూసేదెవరు?

ఇక శంకరవ్వ. భర్త పోయి చాలా ఏళ్లయింది. ఒకప్పుడు ఇంటింటికీ తిరిగి సాంచాలకు నూలు కండెలు చుట్టేది. కళ్లు సన్నగిల్లాక సంఘంలో ఊడ్చే పనికి, చాయ పెట్టే పనికి కుదిరింది. కంప్యూటర్ వచ్చాక దాని మంచీ చెడ్డా కూడా ఆమెదే అయింది. పొద్దున వచ్చీ రాగానే మెత్తని గుడ్డతో తెర తుడిచేది, మీటల సందుల్లో దూది పోగులు ఏరేది. సాయంత్రం మా సంఘంలోనే నేసిన తెల్లగుడ్డ కప్పి వెళ్లేది. రంజిత్ వస్తే, "నీ పిల్ల మంచిగున్నది కొడుకా, జర కూడ దుమ్ము పడనిస్తలే," అని కంప్యూటర్‌ను చూపించేది. వాడు ఆమెను చిన్నవ్వ అని పిలిచేవాడు. రక్తసంబంధం లేకపోయినా వాళ్ల అవ్వతో, అంటే వాడి తల్లితో, కలిసి కండెలు చుట్టిన మనిషి, అట్లా చిన్నవ్వ అయింది.

దసరాకు సాంచాలకు పూజ చేసినట్టే సంఘంలో కంప్యూటర్‌కూ పూజ చేస్తారు. ఆ ఏడు పసుపు కుంకుమ పళ్లెం తెచ్చి దేవదాస్ శంకరవ్వ చేతికే ఇచ్చాడు.

"నేనెట్ల పెడుత అన్నా? నేను పెట్టద్దు గద," అని ఆమె చేతులు వెనక్కి తీసుకుంది. భర్త లేని మనిషి శుభకార్యంలో పసుపు కుంకుమ ముట్టదన్నది మా దగ్గర ఎవరూ కాదనని నియమం.

"దినాం తుడిచేదానివి నువ్వు. పండుగ నాడు ఇంకెవ్వలో అచ్చి బొట్టు పెడితే మిషన్ ఒప్పుకుంటదా? పెట్టు పెట్టు," అన్నాడు దేవదాస్.

ఆమె కాళ్లూ చేతులూ కడుక్కుని వచ్చింది. తెరకు పెట్టింది, కీబోర్డుకు పెట్టింది, రీడర్లకు పెట్టింది. రెండు కార్డులూ బల్ల మీద ఉన్నాయి. నుదురులా నున్నగా మెరిసే ఆ బంగారు చిప్ చూస్తే ఎవరికైనా బొట్టు అక్కడే పెట్టాలనిపిస్తుంది. దేవదాస్ కార్డుకు మగవాళ్లకు పెట్టినట్టు పొడి కుంకుమ అద్దింది. పద్మలత కార్డుకు ఆడబిడ్డకు పెట్టినట్టు ముందు పసుపు తడిపి రాసి, దాని మీద కుంకుమ పెట్టింది. పని అయ్యాక చాలాసేపు పళ్లెం చేతిలోనే పట్టుకుని నిలబడిందట. పద్మలత ఇప్పటికీ ఆ మాట చెబుతుంది.

పండుగ మర్నాడు ఫైలు పంపాల్సి ఉంది. పద్మలత తన కార్డు ఎడమ రీడర్‌లో, దేవదాస్ తన కార్డు కుడి రీడర్‌లో పెట్టారు. పొడి కుంకుమ ఎప్పుడో రాలిపోయింది, దేవదాస్ కార్డును రీడర్ చదివింది. తడి పసుపు చిప్ మీద ఎండి పెచ్చు కట్టింది, పద్మలత కార్డును చదవలేకపోయింది. కంప్యూటర్‌కు దొరికింది ఒక్కటే సర్టిఫికెట్. భోజనాల బంతిలో ఒక్కడే కూర్చుంటే మొదటివాడూ వాడే, చివరివాడూ వాడే కదా! పద్మలత పిన్ కొట్టింది, దేవదాస్ సంతకం పడింది. దేవదాస్ పిన్ కొట్టాడు, మళ్లీ దేవదాస్ సంతకమే పడింది. ఇద్దరిదీ ఒకే పిన్ కాబట్టి కార్డు కూడా కాదనలేదు. తెర మీద ఆకుపచ్చ గుర్తు వచ్చింది: రెండు సంతకాలు పూర్తయినవి.

కొన్నాళ్లకు జిల్లా ఆఫీసు నుంచి పిలుపు వచ్చింది. రెండు చోట్లా కార్యదర్శి సంతకమే ఉందనీ, అధ్యక్షురాలికి తెలియకుండా ఫైలు పంపాడనీ అక్కడి సారు దేవదాస్‌ను అందరి ముందూ నిలబెట్టి అడిగాడు.  దేవదాస్ ఇంటికి వచ్చి అన్నం ముట్టలేదు. మొదటి రోజు జనం నవ్విన మాట గుర్తొచ్చి, ఏమో, నిజంగానే నా చేయి ఎక్కడైనా తప్పు నొక్కిందా అని తనను తానే అనుమానించుకున్నాడు.

రంజిత్‌ను పిలిచారు. వాడు వచ్చి పద్మలత కార్డు చేతిలోకి తీసుకోగానే పసుపు పెచ్చు కనిపించింది. ఆ వెంటనే తన కోడ్‌లోని ఆ రెండు వరుసలూ కళ్ల ముందు కదిలాయి.  రీడర్ కార్డును చదవలేకపోవడం పెద్ద విషయం కాదు. చెమటకైనా, దుమ్ముకైనా అట్లా కావచ్చు. అట్లా అయితే ప్రోగ్రాం ఆగిపోయి, పద్మలత కార్డు అందలేదు అని చెప్పాలి. అది ఆగలేదు. ఒకరి సంతకం తీసుకెళ్లి ఇంకొకరి కింద అతికించింది. అది పసుపు చేసిన పని కాదు, వాడు చేసిన పని.

గదిలో సభ్యులంతా ఉన్నారు. జిల్లా సారు కూడా వచ్చి కూర్చున్నాడు. ఆయనకు ఆ ప్రోగ్రాం నచ్చింది. జిల్లాలోని సంఘాలన్నిటికీ రంజిత్ చేతే పెట్టించాలని అంతకుముందే ఒక మాట అని ఉన్నాడు. రంజిత్ గోటితో పసుపు గీకి, ఆ పొడిని అరచేతిలో చూపించాడు.

"గిదీ సంగతి. చిప్ మీద పసుపు గట్టిపడ్డది. అక్క కార్డు చదవరాలే. గందుకే గిట్లయింది. కాక తప్పేం లేదు."

అబద్ధం కాదు. అక్షరం అక్షరం నిజమే. పామూ చావలేదు, కర్రా విరగలేదు. దేవదాస్ కళ్లద్దాలు తీసి కళ్లు తుడుచుకున్నాడు. సారు నవ్వి, మళ్లీ పంపండి అన్నాడు. అందరూ ఊపిరి పీల్చుకున్నారు. అంతటితో అయిపోయిందనుకున్నారు.

"ఇంతకు పసుపు పెట్టిందెవ్వలు?" అని అడిగాడు ముత్యం. సంఘంలో పాత సభ్యుడు, నాలుకకు అడ్డు లేనివాడు.

జవాబు కోసం వెతకాల్సిన పని లేదు.  శంకరవ్వ చాయ గ్లాసుల పళ్లెంతో గుమ్మంలోనే నిలబడి ఉంది.

"ఓహో. నొసట కుంకుమ లేని మనిషితోని కుంకుమ పెట్టిపిస్తే గిట్ల గాక ఇంకెట్లయితది? మిషనన్న తప్పుతది, మనిషన్న తప్పుతడు," అన్నాడు ముత్యం.

 శంకరవ్వ మొదట దేవదాస్ వైపు చూసింది. పెట్టు పెట్టు అన్నవాడు నేల చూపులు చూశాడు. తర్వాత రంజిత్ వైపు చూసింది. రంజిత్ ఒక్క క్షణం చూశాడు, తల తిప్పుకున్నాడు. అరచేతిలో పసుపు ఇంకా అలాగే ఉంది. దాన్ని ఎక్కడ తుడవాలో తెలియక పిడికిలి మూశాడు. ఆ గదిలో నేను లేను. ఉంటే నోరు తెరిచేవాణ్నని గొప్పలు చెప్పను. కాని ఉన్న అంతమందిలో ఒక్కరికీ, మా పద్మలతతో సహా, నోరు పెగలలేదంటే ఇప్పటికీ ఒళ్లు మండుతుంది.

ఆ రోజే రంజిత్ తన గదికి వెళ్లి కోడ్ సరిచేశాడు. కార్డులోని పేరు చదివి, ఆ మనిషిదైతేనే తీసుకోవాలి. పేరు కలవకపోతే ఆగిపోయి, ఎవరి కార్డు అందలేదో తెలుగులో పేరు పెట్టి చెప్పాలి. గంట పని. దసరాకు ముందు ఎప్పుడు చేసినా గంట పనే. కొత్తది తెచ్చి సంఘంలో పెట్టినప్పుడు, "ఏం మార్చినవురా?" అని దేవదాస్ అడిగితే, "ఏం లేదు కాకా, చిన్న అప్‌డేట్," అన్నాడు. ఆ మాట అన్న తర్వాత వాడికి నోరంతా చేదుగా అయిందట. తప్పు దిద్దిన మాట కూడా దాచాల్సి వచ్చిందంటే ఆ దిద్దుబాటు ఎవరి కోసం?

శంకరవ్వ పనికి మాత్రం రోజూ వచ్చేది. హాలు ఊడ్చేది, వాకిలి ఊడ్చేది. కంప్యూటర్ గది గడప దగ్గరికి వచ్చి ఆగి, చీపురు గోడకు ఆనించి వెళ్లిపోయేది. లోపలికి రమ్మని ఎవరూ అనలేదు, రావద్దనీ అనలేదు. తెర మీద దుమ్ము పేరుకుంది. తెల్లగుడ్డ మడత విప్పకుండా కిటికీలోనే ఉండిపోయింది.

వీధిలో ఒకరి పెళ్లికి పసుపు దంచుతున్నారు. శంకరవ్వ ఎప్పుడూ రోలు దగ్గరికి వెళ్లేది కాదు, వెనక వంటల దగ్గర కూర్చుని ఉల్లిగడ్డలు కోసేది. ఈసారి అక్కడికి కూడా వెళ్లలేదు. ఆ సాయంత్రం రంజిత్ అన్నం తింటుంటే వాళ్ల అవ్వ అడిగింది, ఆ ఇంటి అలవాటు ప్రకారం గొంతెత్తి.

"ఏందిరా, శంకరవ్వ చెయ్యి తగిలితే మిషన్లే నడుస్తలేవట? నిజమేనా?"

"ఎవ్వలన్నరే?"

"ఎవ్వలంటరు? నువ్వే గద చెప్పినవట, గంత సదువుకున్నోనివి. ముత్యం అంటే నేను నమ్మకపోదును. నువ్వు చెప్పినవంటే నమ్మిన."

రంజిత్ చేయి కంచంలోనే ఆగిపోయింది. గోడ అవతల శంకరవ్వ ఇల్లు. అక్కడ గిన్నెల చప్పుడు అప్పటిదాకా వినిపించింది, ఇప్పుడు ఆగిపోయింది. తను పుట్టిన దగ్గర్నుంచీ చూస్తున్న మనిషి, పక్కింట్లో, తన ఇంటి మాట వింటూ నిలబడి ఉంది. వాడికి భూమిలోకి కుంగిపోవాలనిపించింది. లేచి వెళ్లి ఒక్క మాట చెబితే అయిపోయేది. వెళ్లలేదు. రేపు చెబుదాం అనుకున్నాడు. కోడ్ పక్కన రాసుకున్న "తర్వాత" అన్న మాట లాంటిదే ఇది కూడా.

తర్వాత జిల్లా సారు మిగతా సంఘాల కార్యదర్శులను వెంటబెట్టుకుని ప్రోగ్రాం చూపించడానికి మా సంఘానికి వచ్చాడు. మెట్‌పల్లి వైపు నుంచి కూడా వచ్చారు. రంజిత్ ఇస్త్రీ చొక్కా వేసుకుని కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. ఎవరైనా పసుపు అన్నా, చివరికి పులిహోర రంగు బాగుందన్నా, గుమ్మడికాయల దొంగ అంటే భుజాలు తడుముకున్నట్టు ఉలిక్కిపడుతున్నాడు.

అప్పుడు మెట్‌పల్లి నుంచి వచ్చిన కార్యదర్శి, పెద్దమనిషి తీరుగానే, సారును అడిగాడు: "సార్, గీ కార్డులకు బొట్టు పెట్టద్దని ఆర్డరేమన్న అచ్చిందా? పెట్టేదుంటే గూడ పుణ్యస్త్రీతోనే పెట్టియ్యాలె అంటున్నరు మా దిక్కు. ఈడ ఏదో అయిందట గద."

ఆ మాట మెట్‌పల్లి దాకా వెళ్లిందన్నమాట. అందరితో పాటు సారు కూడా నవ్వాడు. గుమ్మం బయట శంకరవ్వ చాయ పళ్లెం ఇంకొకరి చేతికిచ్చి వెనక్కి తిరిగింది. ఆమె వీపు మాత్రమే రంజిత్‌కు కనిపించింది.

వాడు కుర్చీలోంచి లేచాడు.

"సార్, జర ఆగుండ్రి. ఒకటి చూపెట్టాలె. చిన్నవ్వా, నువ్వు గూడ ఉండు. పోకు."

కంప్యూటర్‌లో పాత ప్రోగ్రాం ఇంకా ఉంది. దాన్ని తెరిచాడు. పద్మలత కార్డును చొక్కా అంచుతో మిలమిలలాడేలా తుడిచి, ఆమె చేతికే ఇచ్చాడు.

"అక్కా, నీ కార్డు నీ పిడికిట్లనే పట్టుకో. మిషన్ల పెట్టకు."

దేవదాస్ కార్డు ఒక్కటే రీడర్‌లో పెట్టాడు. "ఇగ నీ పిన్ కొట్టు," అన్నాడు పద్మలతతో.

"కార్డు నా చేతిలనే ఉన్నది గద తమ్మీ. ఎట్ల పడుతది?"

"కొట్టక్కా."

ఆమె కొట్టింది. అధ్యక్షురాలి సంతకం చోట గుర్తు పడింది. దేవదాస్ కూడా కొట్టాడు. రెండు సంతకాలు పూర్తయినవి అని ఆకుపచ్చగా వచ్చింది. పద్మలత తన పిడికిలి విప్పి, కార్డును చూసుకుని, తెరను చూసింది. 

"చూసిండ్రు గద. పసుపు లేదు. అసలు కార్డే లేదు. అయినా సంతకం పడ్డది," అన్నాడు రంజిత్. "పేరు చూసుకొని తీసుకొమ్మని నేను రాయలే. మొదటిది అక్కది, చివరిది కాకది అని రాసిన. ఒక్కటే దొరికితే రెండు దిక్కుల అదే పెట్టింది. పసుపు అడ్డమొస్తే మిషన్ ఆగాలె, ఆగకపోవుడు నా తప్పు. గా దినం నాకు ఎర్కే. ఎర్కుండి పసుపు చూపెట్టిన. చిన్నవ్వ బొట్టుకు, దీనికి ఏం సంబంధం లేదు."

సారు ముఖం చిన్నబోయింది. చూపించడానికి తెచ్చుకున్న మనుషుల ముందు పరువు పోయినట్టయింది. మళ్లీ మాట్లాడదాం అని లేచాడు. ఆ "మళ్లీ" అన్నది రాలేదు. జిల్లా సంఘాల పని ఎవరో హైదరాబాద్ వాళ్లకు వెళ్లింది. రంజిత్ దానికి బాధపడ్డాడని నేను అనుకోను. అంతకంటే పెద్ద బాధ అప్పటికే ఉంది.

విచిత్రం ఏమిటంటే ఆ రోజు నుంచి అందరూ రంజిత్‌ను మెచ్చుకోవడం మొదలుపెట్టారు. ఎంత నిజాయితీ అన్నారు. దండిగా నష్టపోయి కూడా నిజం చెప్పిండు, రాజయ్య కొడుకంటే అట్లుండాలె అన్నారు. ముత్యం అయితే వాడి భుజం తట్టి, "మొగోనివిరా," అన్నాడు. శంకరవ్వ దగ్గరికి వెళ్లి, తప్పయింది అన్నవాడు ఒక్కడూ లేడు. మెచ్చుకున్న ప్రతిసారీ వాడు తల దించుకునేవాడు. అది వినయం అనుకుని ఇంకా మెచ్చుకునేవారు.

ఆ రోజు సాయంత్రమే, అందరూ వెళ్లిపోయాక, శంకరవ్వ నల్లా దగ్గర కూర్చుని గ్లాసులు కడుగుతుంటే రంజిత్ వెళ్లి ఎదురుగా గొంతుకూర్చున్నాడు.

"చిన్నవ్వా, నాదే తప్పు."

"ఎర్కే కొడుకా."

"ఇయ్యాల చెప్పిన గద. గట్ల ఎర్కైందా?"

"ఇయ్యాల కాదు. గా దినమే. పసుపు చేతిల పట్టుకొని నా దిక్కు చూసి మొఖం తిప్పుకున్నవు సూడు, గప్పుడే." గ్లాసు బోర్లించింది. "కార్డు సంగతి నాకేం తెల్వది. నీ మొఖం తెల్వదా? గింతున్నప్పటి నుంచి చూస్తున్న."

"మరి నన్ను అడగకపోతివి?"

శంకరవ్వ నల్లా కట్టేసింది. "అడిగితే నువ్వు లేదంటవేమోనని భయమైంది. లేదంటే ఇగ నీ మొఖం చూడబుద్ధి గాదు."

 ఆమె కడిగిన గ్లాసులు పళ్లెంలో సర్దుకుని లోపలికి వెళ్లింది.

మళ్లీ దసరా వచ్చింది. దేవదాస్ ఈసారి అందరూ వచ్చేదాకా ఆగాడు. హాలు నిండా సభ్యులున్నారు. పసుపు కుంకుమ పళ్లెం తీసుకుని నేరుగా శంకరవ్వ దగ్గరికి వెళ్లి నిలబడ్డాడు.

"పోయినేడు పెట్టమన్నది నేనే. మాటొచ్చినప్పుడు నోరు మూసుకున్నది గూడ నేనే. పట్టు శంకరవ్వా, నువ్వే పెట్టాలె," అని అందరికీ వినపడేలా అన్నాడు.

కొందరు చప్పట్లు కొట్టారు. ముత్యం కూడా కొట్టాడు. శంకరవ్వ పళ్లెం అందుకుంది. అంతా బాగైపోయిందనే అనుకున్నాం మేం. ఆమె ఆ పళ్లెం పట్టుకుని మెల్లగా నడిచి, కంప్యూటర్ పక్కన నిలబడ్డ రంజిత్ చేతిలో పెట్టింది.

"నువ్వు పెట్టు కొడుకా."

"అట్ల గాదు చిన్నవ్వా, నువ్వే..."

"వద్దు. రేపు మళ్ల ఏదన్న ఖరాబయితే నా చెయ్యే యాదికొస్తది అందరికి," అంది శంకరవ్వ. కోపంగా అనలేదు, వానొచ్చేట్టుంది అన్నంత మామూలుగా అంది. "తప్పు చేసింది నువ్వు. అయినా నీ చెయ్యి మంచిది గాదని ఒక్కలన్నా అన్నరా? అనలే. అనరు గూడ. నువ్వే పెట్టు."

హాల్లో చప్పట్లు ఎప్పుడు ఆగిపోయాయో తెలియదు. రంజిత్ పళ్లెం పట్టుకుని నిలబడ్డాడు. వేలు కుంకుమలో ముంచాడు కాని చేయి పైకి లేవలేదు. శంకరవ్వ ఏడాదిగా కిటికీలోనే ఉన్న తెల్లగుడ్డ తీసి దులిపి, దండెం మీద వేసి, చాయ పెట్టడానికి లోపలికి వెళ్లింది.